ఒత్తు చెదిరిన చోట

ద కూ ధ కూ మధ్య తేడా అడుగున ఒక చిన్న నిలువు గీత. ధ కూ థ కూ మధ్య తేడా కడుపులో ఒక చుక్క. గీత ఉంటే ధార, లేకపోతే దార. మొదటిది నీళ్ల సంగతి, రెండోది ఇల్లాలి సంగతి. పుస్తకంలో అయితే ఈ తేడా కంటికి ఇట్టే ఆనుతుంది. అదే మాట ఉన్న ప్రకటనను ఏ పాఠశాలో, మునిసిపాలిటీయో, దేవస్థానమో అచ్చు వేయించి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, జేపెగ్ ఫైలుగా తన వెబ్‌సైట్‌లో పెట్టిందనుకుందాం. సెల్‌ఫోన్‌లో తెరిస్తే అక్షరాల చుట్టూ సన్నటి బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంటుంది. పెద్దది చేసి చూసినా లాభం లేదు. ద కింద కనిపిస్తున్నది గీతో దుమ్మో తేల్చుకోలేక ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాల్సి వస్తుంది.

చాలామంది స్కానర్‌ను తిట్టుకుంటారు. తప్పు తరచూ ఫైలు ఫార్మాట్‌ది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాన్ని ఎంచుకున్నవారిది. వెబ్‌సైట్ తయారు చేయించుకునేవారు రంగుల గురించీ, పేజీ పైన పేరు ఎంత పెద్దగా ఉండాలన్న దాని గురించీ గంటలకొద్దీ చర్చిస్తారు. బొమ్మలను ఏ ఫార్మాట్‌లో పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి కంప్యూటర్ మొదట చూపించినదానికే సరేనంటారు. జేపెగ్, జిఫ్, పిఎన్‌జి, వెబ్‌పి, ఎస్‌విజి అనేవి ఒకే సరుకును కట్టి ఇచ్చే వేర్వేరు సంచులని వారి నమ్మకం. వాస్తవానికి ఒక్కో ఫార్మాట్‌కూ ఒక్కో అభిప్రాయం ఉంది. బొమ్మలో ఏది ఉంచాలి, ఏది పారేసినా ఫరవాలేదు అన్నదే ఆ అభిప్రాయం.

అసలు పారేయడం ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగు వేల చుక్కల వెడల్పు, మూడు వేల చుక్కల ఎత్తు ఉన్న ఫోటోలో మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పడానికి మూడు బైట్లు కావాలి. అంటే దాదాపు 36 మెగాబైట్లు. సెకనుకు 56 కిలోబిట్ల డయలప్ మోడెమ్ రోజుల్లో, ఆ మోడెమ్ ఎన్నడూ అందుకోని పూర్తి వేగంతో పనిచేసినా, ఆ ఒక్క ఫోటో రావడానికి గంటన్నర దగ్గర పట్టేది. అదే ఫోటోను ఫోన్ కెమెరా సాధారణంగా మూడు, నాలుగు మెగాబైట్ల జేపెగ్‌గా చేతిలో పెడుతుంది. మిగతా ముప్ఫై పైచిలుకు ఎక్కడికి పోయాయి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కథ బెంగుళూరు దాకా వస్తుంది. అక్కడ పుట్టి, అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో అధ్యాపకుడిగా ఉన్న నాసిర్ అహ్మద్ 1972లో ఒక గణిత పద్ధతిపై పరిశోధనకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆలోచన మరీ సాదాసీదాగా ఉందన్నది ఒక అభ్యంతరం. అహ్మద్ వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో పాఠాలు చెబుతున్న మిత్రుడు కె.ఆర్. రావుతో కలిసి పని పూర్తి చేశారు. ఈ రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకున్నారు, 2021లో కన్నుమూశారు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో వచ్చిన వ్యాసం నిడివి నాలుగైదు పేజీలకు మించదు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అని వారు పేరు పెట్టిన ఆ పద్ధతే 1992లో ఖరారైన జేపెగ్ ప్రమాణానికి గుండెకాయ అయింది. ప్రపంచంలో ఏ పెళ్లి ఫోటో తెరిచినా లోపల ఆ లెక్కే నడుస్తుంటుంది. నిధులు నిరాకరించిన నిపుణులు తర్వాత ఏమనుకున్నారో గానీ, ఆ సాదాసీదాతనమే దాని బలమని తేలింది.

జేపెగ్ చేసే పని ఇది. బొమ్మను నిలువుకు ఎనిమిది, అడ్డానికి ఎనిమిది చుక్కలుండే చిన్న గడులుగా కోస్తుంది. ప్రతి గడినీ 64 రకాల అచ్చుల కలయికగా రాసుకుంటుంది. వాటిలో కొన్ని నెమ్మదిగా మారే నీడల్లాంటివి, కొన్ని చీరమీది సన్న గళ్లలా చకచకా మారేవి. మనిషి కన్ను నెమ్మదిగా మారే నీడను బాగా పట్టుకుంటుంది, చకచకా మారే సన్న గళ్ల విషయంలో అంత పట్టింపు ఉండదు. అందుకని జేపెగ్ మొదటి రకాన్ని జాగ్రత్తగా దాచి, రెండో రకాన్ని మోటుగా సరిచేస్తుంది లేదా సున్నా చేసేస్తుంది. రంగు విషయంలో మరింత పిసినారి. కన్ను వెలుగు తేడాను గుర్తుపట్టినంత చురుగ్గా రంగు తేడాను గుర్తుపట్టదు కాబట్టి, వెలుగును ప్రతి చుక్కకూ రాసుకుని, రంగును మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకు కలిపి ఒకటిగా రాసుకుంటుంది.

ఆకాశం, ముఖం, పొలం, మడత పడిన పట్టుచీర... వీటికి ఇది అమోఘంగా సరిపోతుంది. పది వంతుల్లో తొమ్మిది పారేసినా చూసేవారికి అనుమానం రాదు. అక్షరం దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. తెల్ల కాగితం మీద నల్లటి గీత అంటే మధ్యలో నీడ లేకుండా ఒక్కసారిగా జరిగే మార్పు. అలాంటి అంచును నిలబెట్టాలంటే జేపెగ్ పనికిరావని పారేసే ఆ సన్న అచ్చులే కావాలి. అవి లేకపోతే అంచు వణుకుతుంది, ఆ వణుకు గడి అంతటా అలలా పరుచుకుంటుంది. అక్షరాల చుట్టూ కనిపించే బూడిదరంగు దుమ్ము అదే. తెలుగుకు ఈ దెబ్బ ఇంగ్లీషుకన్నా గట్టిగా తగులుతుంది. మన లిపిలో అర్థాన్ని మార్చే సరంజామా అంతా చిన్నది. గీతలు, చుక్కలు, ఒత్తులు, గుడి చివర దీర్ఘపు మెలిక. ఫోన్ తెరకు సరిపడా కుదించిన ప్రకటనలో ఒక ఒత్తు మొత్తం ఎనిమిది చుక్కల గడిలో ఇరుక్కుంటుంది. ఆ గడిలో జేపెగ్ చేతివాటం చూపిస్తే ఒత్తు ఆనవాలు మిగలదు.

ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలైతే సంగతి చెప్పనే అక్కర్లేదు. రెంటి వెలుగూ ఇంచుమించు ఒకటే కాబట్టి తేడా అంతా రంగులోనే ఉంటుంది. జేపెగ్ పొదుపు చేసేది సరిగ్గా ఆ రంగునే. ఉత్సవాల కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు రూపొందించేవారికి ఇష్టమైన జంట కూడా అదే కావడం దురదృష్టం.

అక్షరాలకు, గీతలకు, పటాలకు, కంప్యూటర్ తెర నుంచి తీసిన బొమ్మలకు సరైనది ఏదీ పారేయని ఫార్మాట్. అలాంటివాటిలో మొదట జనాదరణ పొందింది జిఫ్. 1987లో అమెరికన్ సంస్థ కంప్యూసర్వ్‌లో స్టీవ్ విల్‌హైట్ బృందం దీన్ని తయారు చేసింది. ఒక బొమ్మలో 256 రంగులు మించకూడదన్నది దీని షరతు. ఆ షరతుకు లోబడితే చుక్క పొల్లు పోదు. ఫోటోను జిఫ్‌గా మారిస్తే మాత్రం ముఖం మీద నీడలు మెట్లుమెట్లుగా విరిగిపోతాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ప్రకటనల పక్కన ఇప్పటికీ ఎర్రగా మిణుకుమిణుకుమనే ‘న్యూ’ అన్న మాట సాధారణంగా ఈ జిఫ్ చలవే. రెండేళ్ల కిందటి టెండర్ పక్కన కూడా అది అలుపు లేకుండా మెరుస్తూనే ఉంటుంది.

జిఫ్‌ను తోసి పిఎన్‌జి ముందుకు రావడం వెనుక ఒక వ్యాజ్యపు భయం ఉంది. జిఫ్‌లో వాడిన కుదింపు పద్ధతిని టెర్రీ వెల్చ్ 1984లో ప్రచురించారు. దానికి పేటెంట్ దరఖాస్తు కూడా ఉందన్న సంగతి కంప్యూసర్వ్ గమనించలేదు. ఆ పేటెంట్ చేతులు మారి యూనిసిస్ సంస్థకు చేరింది. జిఫ్‌ను ఉపయోగించే సాఫ్ట్‌వేర్‌కు రుసుము కట్టాల్సిందేనని 1994 డిసెంబర్ చివర్లో ప్రకటన వెలువడింది. లోకమంతా అప్పటికే వాడేస్తున్న వస్తువుకు హఠాత్తుగా యజమాని పుట్టుకొచ్చాడన్నమాట. మరుసటి నెలలోనే థామస్ బౌటెల్ మొదలుపెట్టిన చర్చతో కొత్త ఫార్మాట్ రూపురేఖలు సిద్ధం కాసాగాయి. 1996 అక్టోబర్ నాటికి పిఎన్‌జి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదముద్ర పొందింది. ఇందులో 256 రంగుల హద్దు లేదు, పేటెంట్ బెడద లేదు, అంచులను పొగమంచులా పారదర్శకం చేసే సదుపాయం అదనం. అయితే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ పారదర్శకతను సరిగ్గా చూపించడానికి 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. యూనిసిస్ పేటెంట్ అమెరికాలో 2003లోనే తీరిపోయింది. కదిలే బొమ్మల పుణ్యమా అని జిఫ్ మాత్రం బతికే ఉంది. 2025 జూన్‌లో వచ్చిన మూడో కూర్పులో గానీ పిఎన్‌జిలో కదిలే బొమ్మలకు అధికారికంగా చోటు దొరకలేదు.

పిఎన్‌జి ఏదీ పారేయదని తెలిసిన ఉత్సాహంలో కొందరు ఫోటోలను కూడా అందులోనే పెడతారు. ఇది రెండో తప్పు. అదే ఫోటో జేపెగ్‌తో పోలిస్తే అనేక రెట్ల బరువవుతుంది, నాణ్యతలో కంటికి కనిపించే లాభం ఉండదు. ఇంకొందరు చెదిరిన జేపెగ్‌ను పిఎన్‌జిగా మార్చి బాగుపడిందనుకుంటారు. దంచిన పసుపు మళ్లీ కొమ్ము కానట్టే, పోయిన ఒత్తు తిరిగి రాదు. చేరేదల్లా బరువు మాత్రమే. జేపెగ్‌ను తెరిచి చూడటం వల్లా, కాపీ చేయడం వల్లా నష్టం లేదు. తెరిచి, కాస్త దిద్ది, మళ్లీ జేపెగ్‌గా భద్రపరిచిన ప్రతిసారీ మరికొంత పోతుంది. ఒకరి నుంచి ఒకరికి ఫోన్లలో చేతులు మారిన కరపత్రం వాడవాడా తిరిగిన నోటులా నలిగి కనిపించడానికి కారణం, దారిలో అప్లికేషన్లు దాన్ని మళ్లీ మళ్లీ కుదించడమే.

గద్వాల చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం వెబ్‌సైట్ పెట్టుకుంటోందని ఊహిస్తే అసలు ఎంపిక ఎలా ఉంటుందో తెలుస్తుంది. చీరల ఫోటోలు జేపెగ్. అయితే నాలుగు వేల చుక్కల ఫోటోను ఉన్నదున్నట్టు ఎక్కించకూడదు. తెర మీద కనిపించేది వెయ్యి, పన్నెండు వందల చుక్కల వెడల్పే అయినప్పుడు ముందుగా ఆ కొలతకు కుదించాలి. ఫార్మాట్ మార్చినదానికన్నా ఈ ఒక్క పనివల్ల కలిసొచ్చేదే ఎక్కువ. భద్రపరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడిగే నాణ్యత అంకె 75 నుంచి 85 మధ్య ఉంటే చాలు. అది శాతం కాదు, ఒక సాఫ్ట్‌వేర్‌లో 80 మరోదాంట్లో 80తో సమానం కానక్కర్లేదు. కాబట్టి జరీ అంచు మీద కన్ను పెట్టి చూసి నిర్ణయించుకోవాలి. అంచులో ఎరుపు, ఆకుపచ్చ పోగులు పక్కపక్కన ఉంటే రంగును పొదుపు చేయవద్దని చెప్పే వీలు మంచి సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది, అది వాడుకోవాలి. కొనేవారు ఆ అంచు చూసే కదా చీర కొనేది.

దుకాణం గుర్తుకు ఎస్‌విజి మేలు. 2001లో ప్రమాణంగా వచ్చిన ఈ ఫార్మాట్‌లో చుక్కలుండవు. ఫలానా చోట ఇంత వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయి, ఇక్కడి నుంచి అక్కడికి ఒక వంపు లాగు అన్న ఆదేశాలుంటాయి. అందుకే సెల్‌ఫోన్ మీదా, గోడ మీది పెద్ద తెర మీదా ఒకే పదునుతో ఉంటుంది. తెలుగు పేరున్న గుర్తు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అక్షరాలను అక్షరాలుగానే వదిలేస్తే చూసేవారి ఫోన్‌లో ఆ ఫాంట్ లేకపోతే మరో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. వాటిని ముందే వంపులుగా మార్చి భద్రపరచాలి.

ఇక కొత్త ఫార్మాట్లు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పి, జేపెగ్‌కన్నా 25 నుంచి 34 శాతం తక్కువ బరువుతో సమాన నాణ్యత ఇస్తుందని ఆ సంస్థ చెబుతుంది. ఆపిల్ సఫారి 2020లో దాన్ని అంగీకరించాక వాడకానికి పెద్ద అడ్డంకి తొలగిపోయింది. కానీ పారేసే పద్ధతిలో వాడితే వెబ్‌పి రంగును ఎప్పుడూ నాలుగు చుక్కలకు ఒకటిగానే రాస్తుంది, వద్దనే వీలు లేదు. జరీ అంచు ఫోటోకు ఇది గమనించాల్సిన లోపం. 2019లో రూపుదిద్దుకున్న ఎవిఐఎఫ్‌కు ఆ పరిమితి లేదు, బరువు ఇంకా తక్కువ, అయితే తయారు చేయడానికి కంప్యూటర్ ఎక్కువసేపు శ్రమించాలి. ఒకే ఫోటోను ఎవిఐఎఫ్, జేపెగ్ రెండింటిలోనూ ఉంచి, బ్రౌజర్‌ను తనకు తెలిసినదాన్ని తీసుకోమనే ఏర్పాటు హెచ్‌టిఎంఎల్‌లో ఉంది. పాత ఫోన్లు వాడే కొనుగోలుదారులున్న చోట ఆ పాటి ఓపిక పట్టడం మంచిది. ఐఫోన్లు 2017 నుంచి తీస్తున్న హెచ్‌ఇఐసి ఫోటోలను మాత్రం నేరుగా ఎక్కించకూడదు. అనేక బ్రౌజర్లు వాటిని చూపించలేవు.

ధరల పట్టిక మిగిలింది. అసలు గొడవంతా ఇక్కడే. దాన్ని డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి బొమ్మగా పెట్టేస్తే ఒక పనైపోయిందనుకునే దుకాణదారులు ఎందరో. కార్యాలయాలు చేసేదీ అదే. దీనికి కారణం కేవలం బద్ధకం కాదు. తెలుగు అచ్చు పనుల్లో ఏళ్ల తరబడి వేళ్లూనుకున్నవి అను వంటి పాత తరహా ఫాంట్లు. వాటిలో టైపు చేసినదాన్ని వెబ్‌సైట్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చాక ఒకసారి చదివి దిద్దాలి. దిద్దే తీరిక లేనివారికి దగ్గరి దారి జేపెగ్. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటు ఉంది, విండోస్ ఎక్స్‌పితో 2001లో గౌతమి ఫాంట్ కంప్యూటర్లలోకి వచ్చింది. అప్పట్లో తెలుగును బొమ్మగా పెట్టడానికి గత్యంతరం లేదనే సాకు ఉండేది. ఇప్పుడు ఆ సాకు లేదు.

బొమ్మగా మారిన అక్షరాన్ని వెతకడం కష్టం, కాపీ చేయడం కష్టం, తెర చిన్నదైతే వరుసలు సర్దుకోవు. అన్నిటికన్నా ముఖ్యంగా, చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గరికి వచ్చి ఫైలు పేరో, ‘ఇమేజ్’ అన్న ఒక్క మాటో పలికి ముందుకు పోతుంది. పింఛను ప్రకటన అలా ఉంటే అది ఎవరి కోసమో వారికే అందదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లో మార్గదర్శకాలు జారీ చేసింది, 2018లోనూ 2023లోనూ సవరించింది. వికలాంగులకు సమాన అందుబాటు వాటిలో ప్రధాన విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా అదే చెబుతుంది. బొమ్మలోని తెలుగును చదివే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉంది కదా అని వాదించవచ్చు. ఉంది, శుభ్రమైన అచ్చును బాగానే చదువుతుంది. చెదిరిన జేపెగ్‌లో అదీ మనిషిలాగే ద దగ్గర తడబడుతుంది. తడబడ్డానని చెప్పకుండా ఏదో ఒకటి రాసేస్తుంది, అంతే తేడా.

కుదింపు చేసే పొరపాటు ఎప్పుడూ దుమ్ములాగే కనిపిస్తుందనుకోవడానికీ లేదు. 2013 ఆగస్టులో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ ఒక ఇంటి ప్లాన్ స్కాన్‌లో విచిత్రం బయటపెట్టారు. కాగితం మీద మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. జెరాక్స్ యంత్రం తీసిన స్కాన్‌లో మూడూ 14.13 అయిపోయాయి. ఆ యంత్రం వాడింది జేపెగ్ కాదు, జెబిగ్2 అనే పద్ధతి. ఒకేలా కనిపించే అంకెలను ఒక్కసారే దాచి, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. ఒకేలా ఉన్నాయని అది పొరబడిన చోట అంకె మారిపోయింది. దుమ్ము లేదు, వణుకు లేదు, అంచులు పదునుగా, తప్పుగా ఉన్నాయి. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్‌ను సరిచేసింది. అప్పటికే ఆ యంత్రాల మీద స్కాన్ చేసి, అసలు కాగితాలు పారేసినవారి సంగతి వేరు.

స్కాన్ చేయక తప్పనివి ఎలాగూ ఉంటాయి. సంతకాలున్న ఉత్తర్వులు, పాత దస్తావేజులు, చేతిరాత పుటలు. వాటిని మొదట పిఎన్‌జి వంటి ఏదీ పారేయని ఫార్మాట్‌లో స్కాన్ చేసి, ఆ మూల ప్రతిని ఎవరూ ముట్టుకోని చోట దాచుకోవాలి. వెబ్‌సైట్‌కు కావలసిన తేలిక ప్రతిని దాని నుంచి తీసుకోవాలి, దిద్దుబాటు అవసరమైనప్పుడల్లా మళ్లీ మూల ప్రతి దగ్గరికే వెళ్లాలి. నలుపు తెలుపు కాగితమైతే రంగుల్లో స్కాన్ చేయనక్కర్లేదు. బూడిదరంగు ఛాయల్లో తీస్తే కుదించక ముందే బరువు మూడో వంతుకు దిగుతుంది. స్కాన్ పక్కన అందులోని ముఖ్యాంశాన్ని నాలుగు వరుసల్లో టైపు చేసి పెడితే వెతికేవారికీ, వినేవారికీ దారి దొరుకుతుంది.

మామూలు ప్రకటనకు ఈ శ్రమ ఏదీ అక్కర్లేదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. వెయ్యి సంకేతాల ప్రకటన మూడు కిలోబైట్లు. అదే కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే కుదించక ముందు 26 మెగాబైట్లు, జేపెగ్‌గా కుదించాక సాధారణంగా కొన్ని వందల కిలోబైట్లు. మూడు కిలోబైట్ల ప్రతిలో ధ కింద గీత ఎంత పెద్దది చేసి చూసినా ధ కిందే ఉంటుంది.